ఆపగలిగినంతే బరువు

బేతంచెర్ల గనుల నుంచి నాపరాళ్లు వేసుకుని డోన్ వైపు వచ్చే ట్రాక్టరును చూసేవాళ్లకు మొదట కనిపించేది దాని బలం. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గుక్క తిప్పుకోకుండా అరుస్తుంది, నల్లటి పొగ వదులుతుంది, అయినా ట్రాలీని పైకి లాక్కుపోతుంది. పైకి చేరిందంటే బండికి ఆ బరువు లాగే శక్తి ఉన్నట్టే, శక్తి ఉందంటే ఆ బరువు దానికి తగినట్టే అని మన మనసు తీర్మానించుకుంటుంది. ఈ తీర్మానంలో పెద్ద పొరపాటు ఉంది. అది యంత్రాల లెక్కకే పరిమితమైతే మెకానిక్కు షెడ్డులో తేల్చుకోవచ్చు. కానీ అదే పొరపాటును మనం ఎద్దు మీద, కూలి మనిషి మీద, ఇంటి పెద్దకొడుకు మీద, చివరికి మన మీద మనమే చేస్తున్నాం. మోయగలడు కదా అని వేస్తున్నాం. అందుకే ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. ఒక ప్రాణికి గానీ యంత్రానికి గానీ ఎంత బరువు తగినదో దేన్ని బట్టి నిర్ణయించాలి? ఎంత లాగగలదన్న దాన్ని బట్టా, ఎంత ఆపగలదన్న దాన్ని బట్టా? ఆపగలిగినంతే తగిన బరువు అన్నది ఈ వ్యాసం వాదన. మన సీమలోని రాళ్లూ గుళ్లూ, మన శాస్త్రాలూ ఈ మాట ఎప్పటినుంచో చెబుతున్నాయని, మనమే దాన్ని సగం విని వదిలేశామని నా నమ్మకం.

ముందు యంత్రం సంగతి చూద్దాం. పొలం పనికి వాడే నలభై అయిదు, యాభై హార్స్‌పవర్ ట్రాక్టరు తానుగా దాదాపు 2 టన్నులు తూగుతుంది. ఒక ఘనమీటరు సున్నపురాయి రెండున్నర టన్నులకు తగ్గదు. అంటే ట్రాలీలో రాళ్లు రెండడుగుల ఎత్తు పేర్చేసరికే వాటి బరువు ట్రాక్టరు బరువుకు రెండింతలు, మూడింతలు అవుతుంది. అదే ట్రాలీ మీద జొన్నసొప్ప ఆకాశమంత ఎత్తు వేసినా అంత బరువు రాదు. నిండుగా కనిపించేది తేలిక, సగం ఖాళీగా కనిపించేది బరువు. కన్ను తూకం వేయలేదు. చిన్న ఇంజను కూడా లో గేరులో తన బలాన్ని ఎన్నో రెట్లు పెంచుకుని పెద్ద బరువును నెమ్మదిగా కదిలిస్తుంది. ఆపాల్సి వచ్చినప్పుడు లెక్క తిరగబడుతుంది. మామూలు ట్రాక్టరుకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. మన దగ్గర చాలా ట్రాలీలకు అసలు బ్రేకులే ఉండవు. వేగం రెట్టింపయితే ఆపడానికి అణచవలసిన శక్తి నాలుగింతలవుతుంది. డీజిలు మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ వేస్తే ఇంజను పట్టు కూడా పోతుంది. ఇక అక్కడినుంచి ముందున్నది లాగదు, వెనకున్నది నెడుతుంది. మలుపు వచ్చిందంటే ట్రాలీ ట్రాక్టరు నడుమును పక్కకు తోసి మడతపెట్టేస్తుంది. ఎత్తులో బంటులా వెంట వచ్చిన బరువు దిగుడులో యజమాని అవుతుంది.

ఈ సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఉన్నారు. బ్రిటన్‌లో సెలవులకు వెళ్లేవాళ్లు కారు వెనక కారవాన్ అనే చక్రాల ఇంటిని తగిలించుకుంటారు. సామానుతో సహా దాని బరువు కారు బరువులో 85 శాతం దాటకుండా చూసుకోమని అక్కడి అనుభవజ్ఞులు కొత్తవాళ్లకు చెబుతారు. చాలా కార్ల ఇంజన్లు అంతకన్నా ఎక్కువే లాగగలవు. అయినా ఇంజను శక్తిని పక్కన పెట్టి, ముందున్నది వెనకదాన్ని అదుపులో పెట్టగలదా అన్నదాన్నే వాళ్లు కొలతగా తీసుకున్నారు. కొక్కెం మీద పడే బరువు కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలని కూడా చెబుతారు. అంతకు తగ్గితే వెనకది పాములా ఊగుతుంది, మరీ పెరిగితే కారు ముందు చక్రాలు తేలిపోతాయి. గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో పోయే ట్రాక్టరుకు ఆ శాతాన్నే అంటగట్టలేం, నిజమే. కానీ దాని వెనక ఉన్న బుద్ధి మన ఎద్దులబండి రైతుకు కొత్తది కాదు. సరుకు ముందుకు జరిగితే కాడి మెడల మీద దిగబడుతుందని, వెనక్కి జరిగితే కాడి పైకి లేచి మెడ కింది తాడు గొంతు పట్టేస్తుందని అతనికి తెలుసు. అందుకే సరుకు సర్ది, కాడిని చేత్తో ఎత్తి చూసి, ఆ తర్వాతే ఎద్దులను కడతాడు. బండి దిగుడులో పడితే దాపటిదీ వలపటిదీ కాళ్లు తన్నిపట్టి మెడలతో బండిని నిలువరిస్తాయి. లాగే ఎద్దే ఆపే ఎద్దు. కాబట్టి ఎద్దు ఆపలేని బరువును రైతు బండికి ఎత్తేవాడు కాదు. ట్రాక్టరు వచ్చాక లాగే బలం ఒక్కసారిగా పెరిగింది, ఆపే బలం అంతగా పెరగలేదు. పాత తూకం మన చేతిలోంచి జారిపోయింది అక్కడే.

చట్టం ఆ పాత తూకాన్ని కాగితం మీద నిలబెట్టింది. 1950లలో రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు బీజమై 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. దాని కింద 1965లో బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం నియమాలు చేశారు. రోజుకు 9 గంటలు మించి పని చేయించకూడదు. విశ్రాంతి ఇవ్వకుండా ఏకబిగిన 5 గంటలు మించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కాడి కట్టకూడదు. నంద్యాల, ఆళ్లగడ్డ, డోన్ ఎండలు ఎరిగినవాళ్లకు ఆ మూడు గంటల విలువ వేరే చెప్పనక్కర్లేదు. వీటన్నిటిలో నాకు గొప్పగా కనిపించేది మరో నియమం. ముప్పై మీటర్ల దూరానికి మూడు మీటర్లకు మించి లేచే ఎత్తు కిలోమీటరుకు తగ్గకుండా ఉంటే, మామూలుగా అనుమతించే బరువును సగానికి తగ్గించాలి. అదే ఎద్దు, అదే బండి, అదే సరుకు. దారి మారితే తగిన బరువు మారుతుంది. అంటే తగిన బరువు మోసేదాని ఒంట్లో రాసిపెట్టి ఉన్న అంకె కాదు, మోసేదానికీ దారికీ మధ్య ఉన్న సంబంధం. మనుషుల మీద బాధ్యతలు మోపేటప్పుడు మనం మరిచిపోయేది దీన్నే. నిరుడు మోశాడు కదా అంటాం. నిరుటి దారి వేరు.

ఇక ఈ నేల తన దైవం గురించి ఏం చెబుతోందో చూద్దాం. నంది ఆలయం అన్న మాటే నంద్యాల అయిందని చెబుతారు. ఊరి చుట్టూ మహానందితో కలిపి నవనందులు. ఆవల యాగంటిలో ఏటేటా పెరుగుతాడని జనం నమ్మే బసవన్న. నంది శివుడి వాహనం. అంటే ఇది ఎక్కే దేవుడి పేరు మీద కాక, మోసే వాహనం పేరు మీద వెలసిన సీమ. ఈ క్షేత్రాలలో నందిని ఎలా చెక్కారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మెడలో గంటలు, మూపున అలంకారం, ముడుచుకున్న కాళ్లు. కాడి లేదు, పరుగు లేదు. లోకాలన్నీ తిరిగే దేవుణ్ణి మోసేవాడిని మన శిల్పి కూర్చోబెట్టాడు, కదలకుండా ఎదురుగా చూస్తూ ఉండేటట్టు. వాహనంలో పూజించదగినది వేగమో బరువు మోసే సత్తువో అయితే నంది పరుగులో కనిపించాలి. అంతటి బలం తనలో తాను నిలిచి ఉన్నందుకు మనం దానికి దండం పెడుతున్నాం. కొమ్ముల మధ్య నుంచి శివుణ్ణి చూడాలన్న ఆచారానికి కూడా నాకు తోచే అర్థం ఇదే: నిలిచిన బలం గుండా చూస్తేనే దైవం కనిపిస్తుంది. ఇది శాస్త్రప్రమాణం కాదు, శిల్పం చూసి చేసిన ఊహ. కానీ ఇన్ని గుళ్లలో ఇంతమంది శిల్పులు నందిని కూర్చోబెట్టడాన్ని కాకతాళీయం అనుకోలేను.

డోన్‌కు నైరుతిగా, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దిలో అశోకుడు తన ధర్మశాసనాలు చెక్కించాడు. మనుషులకే కాక పశువులకు కూడా వైద్యం ఏర్పాటు చేశానని, దారుల వెంట మనుషులూ పశువులూ వాడుకోవడానికి బావులు తవ్వించి చెట్లు నాటించానని వాటిలో ఉంది. చిన్న శాసనంలో ప్రాణుల పట్ల దయ చూపమన్న ఉపదేశంతో పాటు, దాన్ని ఎవరెవరి ద్వారా నేర్పించాలో కూడా చెప్పాడు. ఏనుగులను నడిపేవాళ్లు, లేఖకులు, బ్రాహ్మణులు, వాళ్లతో పాటు యుగ్యాచార్యులు, అంటే బండికి కట్టే జంతువులను తీర్చి, తోలడం నేర్పే గురువులు. ఒక చక్రవర్తి ధర్మప్రచారానికి పండితుల సరసన బండి తోలడం నేర్పేవాళ్లను కూర్చోబెట్టాడంటే, పగ్గం పట్టిన చేతిలో ధర్మం ఉందని ఆయన గుర్తించాడన్నమాట. ఆ చిన్న శాసనానికి ఇంకో విశేషం ఉంది. అందులో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. పొలంలో ఎద్దు సాలు చివర ఆగి, తిరిగి, కొత్త సాలు పట్టినట్టే. గట్టు దగ్గర ఆగి మళ్లలేని ఎద్దు ఒక సాలు దున్నుతుందేమో గానీ పొలం దున్నలేదు.

యుగ్యాచార్యుడిలో ఉన్న యుగ్యం, కాడి అన్న అర్థంలో వాడే యుగం, యోగం – ఈ మూడు మాటలూ యుజ్ అన్న ధాతువు చుట్టూ తిరుగుతాయి. జోడించడం, కాడి కట్టడం దాని అర్థం. అయితే యోగమంటే చిత్తవృత్తులను నిరోధించడమని పతంజలి నిర్వచించాడు. కాడి కట్టడమనే అర్థం నుంచి వచ్చిన మాటకు నిలపడం అన్న అర్థం ఎలా కుదిరింది? ఇక్కడ వ్యాకరణం తెలిసినవారు అడ్డు చెబుతారు. ధాతుపాఠంలో యుజ్ ఒకటికన్నా ఎక్కువ చోట్ల ఉందని, ఒకదానికి కలపడం, ఇంకోదానికి సమాధి అర్థమని, పతంజలి యోగం రెండోదానికి చెందిందని వ్యాఖ్యాతలు చెప్పారు. ఆ మాటను కాదనను. కానీ పతంజలికి ముందే ఈ రెండు అర్థాలనూ కఠోపనిషత్తు ఒకచోట చేర్చింది. మొదటి అధ్యాయం మూడో వల్లిలో శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. రెండో అధ్యాయం చివరికి వచ్చేసరికి, ఇంద్రియాలను స్థిరంగా నిలిపి ఉంచడమే యోగమని అంటుంది. అక్కడి గుర్రాలు బలహీనమైనవని ఎక్కడా లేదు. చెడ్డ గుర్రాలకూ మంచి గుర్రాలకూ ఉపనిషత్తు చూపిన తేడా ఒక్కటే: సారథి మాట వినడం, వినకపోవడం. బలం అందరికీ ఉన్నదే. ఆ బలాన్ని నిలపగలిగినవాడే గమ్యం చేరతాడని అది చెబుతోంది. రథం గురించి ఇంత ఆలోచించిన జాతి, బండికి బ్రేకు లేకపోయినా ఫరవాలేదని ఎప్పుడు అనుకోవడం మొదలుపెట్టిందో నాకు అర్థం కాదు.

భగవద్గీత ఎక్కడ మొదలవుతుందో కూడా చూడండి. రెండు సేనల మధ్య నా రథాన్ని నిలుపు అని అర్జునుడు అడుగుతాడు. కృష్ణుడు నిలుపుతాడు. ఆ తర్వాతి బోధ అంతా ఆగి ఉన్న రథం మీదే జరుగుతుంది. శంఖాలు మోగాయి, ఆయుధాలు లేచాయి, తెల్లగుర్రాలు ఉరకలేస్తున్నాయి. అంత ఊపులో ఉన్న రథాన్ని ఒక్క మాటకు నిలపగలిగిన సారథి కాబట్టే ఆ తర్వాత చెప్పిన మాటలకు అర్హుడయ్యాడు. ఆగలేని రథం మీద గీత పుట్టేది కాదు. కృష్ణుడు చివరికి రథాన్ని యుద్ధంలోకే తోలాడు కదా, ఆగడమే ధర్మమైతే కర్మ ఎందుకు చేయమన్నాడని అడగవచ్చు. నేను చెబుతున్నది బరువు వద్దని, ప్రయాణం మానుకోమని కాదు. ఆగగలిగినవాడి కదలికకే కర్మ అన్న పేరు తగుతుంది. ఆగలేనివాడి కదలిక జారడం. రెండూ ఒకే దారిలో ఒకే వేగంతో పోతున్నట్టు కనిపించవచ్చు. తేడా దిగుడులో బయటపడుతుంది.

బరువు ఎంత ఉండాలో సరే, అది మించితే ఆ పాపం ఎవరిది అన్న ప్రశ్న మిగిలి ఉంది. మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే తపస్వికి తులాధారుడనే వ్యాపారి ధర్మం బోధిస్తాడు. తులాధారుడంటే త్రాసు పట్టుకున్నవాడు. తన త్రాసు అన్ని ప్రాణుల పట్లా సమానంగా ఉంటుందని చెప్పుకున్న ఆ వర్తకుడు, ఎద్దుల ముక్కులు కుట్టి, కట్టేసి, మోయలేని బరువులు మోయించేవాళ్లను సూటిగా తప్పుపడతాడు. అతని నింద బరువు వేసినవాడి మీద పడుతుంది గానీ మోసినదాని మీద కాదు. ఈనాటి మోటారు వాహనాల చట్టం కూడా ఆ దారిలోనే నడుస్తోంది. 194వ సెక్షన్ ప్రకారం పరిమితికి మించిన బరువుకు 20,000 రూపాయల జరిమానా, అదనపు టన్నుకు 2,000 చొప్పున మరికొంత. ఆ శిక్ష నడిపినవాడితో ఆగదు, నడిపించినవాడికీ నడపనిచ్చినవాడికీ వర్తిస్తుంది. అదే సెక్షన్‌లో, తూకం కోసం ఆగమంటే ఆగని డ్రైవరుకు జరిమానా 40,000. బరువు మించినందుకు వేసేదానికి రెట్టింపు, ఆగనందుకు. చట్టం రాసినవాళ్లు ఉపనిషత్తు చదివి రాశారని అనను. కానీ ఆగి తూకానికి నిలబడటానికి ఒప్పుకోకపోవడం బరువు కన్నా పెద్ద తప్పన్న తీర్పు ధర్మశాస్త్రం ఒప్పుకునే తీర్పే. డోన్‌కు ద్రోణాచలమనే పేరు కూడా ఉంది. జనం దాన్ని ద్రోణాచార్యుడితో ముడిపెడతారు. ద్రోణం అంటే పూర్వం ధాన్యం కొలిచే కొలత కూడా. గురువుకీ కొలతకీ ఒకే పేరున్న ఊళ్లో కాటా వేయించకుండా బండి కదిలించడం మనకు తగదు.

దైవకార్యానికి బయల్దేరినవాళ్లను కూడా తూకం వదలదని 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని అర్మాలో జరిగిన ఘోరం చెబుతుంది. మెథడిస్టు సండే స్కూలు పిల్లలూ పెద్దలూ కలిసి దాదాపు 940 మంది రైల్లో సముద్రతీరానికి విహారం బయల్దేరారు. అనుకున్నదాని కన్నా జనం ఎక్కువై పెట్టెలు పెంచారు. డ్రైవరు మొదట అభ్యంతరం చెప్పాడు. స్టేషన్ మాస్టరుతో మాటా మాటా పెరిగింది. చివరికి సరేనని బండి కదిలించాడు. ఎత్తు దాదాపు పైదాకా ఎక్కి ఇంజను నిలిచిపోయింది. బండిని రెండుగా విడదీసి ముందు భాగాన్ని పైకి చేర్చి వద్దామనుకున్నారు. వెనక పెట్టెల చక్రాల కింద రాళ్లు పెట్టారు. మన ఘాట్ల మీద లారీ ఆగితే క్లీనరు దిగి పెట్టే రాయి లాంటిదే. ఆ పెట్టెల బ్రేకు ఇంజనుతో కలిసి ఉంటేనే పనిచేసే రకం. విడదీయగానే దాని పట్టు పోయింది. పెట్టెలు వెనక్కి జారి, కింది నుంచి వస్తున్న ఇంకో రైలును గుద్దుకున్నాయి. 80 మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలు చాలామంది. ఆ ఏడాదే బ్రిటన్ చట్టం చేసి, ప్రయాణికుల రైళ్లలో ప్రతి పెట్టెకూ బ్రేకు ఉండాలని, బంధం తెగితే ఆ బ్రేకు దానంతట అదే పట్టుకోవాలని శాసించింది. ఈ రోజు డోన్ జంక్షన్ మీదుగా పోయే గూడ్సు బండి కూడా బ్రేకు పవర్ సర్టిఫికెట్ లేనిదే ప్రయాణం మొదలుపెట్టదు. ఇంజను ఎన్ని వేల హార్స్‌పవర్లదైనా, వెనక వ్యాగన్ల బ్రేకులు పనిచేస్తున్నాయని కాగితం చేతికి రావాలి. దీనిలో ఒక తాత్త్విక సత్యం ఉంది. నిగ్రహం ముందు నడిచేవాడి ఒక్కడి సొత్తు కాకూడదు. వెంట వచ్చే ప్రతిదానికీ తన నిగ్రహం తనకు ఉండాలి, ఆసరా తెగిన క్షణంలో అది మరింత గట్టిగా పట్టుకోవాలి. సంసారానికీ సంఘానికీ కూడా ఇది వర్తిస్తుంది.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో బరువైనది పేదరికం. ట్రాక్టరు మీద కిస్తీ ఉంది, డీజిలు ధర ఉంది, ట్రిప్పు లెక్కన కూలి ఉంది. రెండు ట్రిప్పుల సరుకు ఒక్క ట్రిప్పులో వేస్తేనే నాలుగు డబ్బులు మిగులుతాయి. కడుపు నిండినవాడు చెప్పే ధర్మాలు ఖాళీ కడుపుకు ఎక్కవు. ఈ మాట నిజం కాబట్టి దీన్ని తోసిపుచ్చకూడదు. కానీ ఇది దేన్ని సమర్థిస్తోందో జాగ్రత్తగా చూడాలి. ఎక్కువ బరువు వల్ల మిగిలిన డబ్బు చాలావరకు సరుకు తెప్పించుకున్నవాడికి, తక్కువ ధరకు రాళ్లు పరిపించుకున్న ఇంటివాడికి చేరుతుంది. ప్రమాదం మాత్రం స్టీరింగు ముందు కూర్చున్నవాడికి, రాళ్ల మీద కూర్చున్న హమాలీకి, ఎదురుగా వచ్చే మోటారు సైకిలు మీది కుటుంబానికి మిగులుతుంది. లాభం ఒకరికి, దిగుడు ఇంకొకరికి. పేదవాడి అవసరాన్ని వాదనగా వాడుకుని పేదవాడి ప్రాణాన్నే పందెం కాయడం పేదల పక్షం కాదు. ఈ అభ్యంతరం నిజానికి నా వాదనను బలపరుస్తోంది. తులాధారుడు అన్నట్టు పాపం వేసినవాడిది కాబట్టి, తూకానికి తగ్గ కిరాయి ఇవ్వాల్సిన బాధ్యత కూడా వేయించినవాడిదే. డ్రైవరుకు ధర్మం చెప్పే ముందు అతను కాదనగలిగే స్థితి కల్పించాలి. అర్మా డ్రైవరు ముందు కాదన్నాడు, నిలబడలేకపోయాడు. కాదనే మాటను నిలబెట్టలేని చోట ఎవరి బ్రేకూ పనిచేయదు.

రెండో అభ్యంతరం భక్తి నుంచి వస్తుంది. తిరునాళ్లకు పోయేది దేవుడి దగ్గరికే కదా, ఆయనే చూసుకుంటాడు అంటూ ట్రాలీ నిండా ఆడవాళ్లనూ పిల్లలనూ ఎక్కిస్తారు. ఆ నమ్మకంలోని ప్రేమ మీద నాకు గౌరవం ఉంది. కానీ మన దేవుడు తన బరువును ఎలా మోయించుకుంటాడో చూడండి. ఆళ్లగడ్డ దగ్గరి అహోబిల స్వామి పార్వేట కనుమ నాడు మొదలవుతుంది. పశువులకు పని మాన్పించి పూజ చేసే రోజు అది. దాదాపు నలభై రోజులు స్వామి పల్లకీలో ఊరూరా తిరుగుతాడు. బోయీలు భుజాల మీద మోస్తారు. ఒక ఊరు దాటాక ఒక ఊరు, మధ్యలో ఆగుతూ, దించుతూ, భుజాలు మారుస్తూ. జగత్తును మోసే స్వామి నలుగురు మోయగలిగినంత పల్లకీలోనే ఎక్కాడు, వాళ్లు ఆగిన ప్రతి చోటా ఆగాడు. ఒక్కరోజులో ఊళ్లన్నీ చుట్టేయాలని తొందరపడలేదు. దేవుడే మోసేవాడి భుజాన్ని చూసి నడుచుకుంటుంటే, ఆయన పేరు చెప్పి మనం సరుకు కోసం కట్టిన బ్రేకులేని తొట్టిలో మనుషులను నింపడం భక్తి ఎలా అవుతుంది? అది ఆయన మీద నమ్మకం కాదు, మన పనిని ఆయన మీదికి నెట్టడం.

మూడోది పౌరుషం. సీమలో తిరునాళ్లంటే బండలాగుడు పోటీ ఉండాలి. బలాన్ని చూసి మురిసే ఈ సంస్కృతిని నేను తప్పుబడుతున్నానా? ఆ పోటీల్లో ములుకర్రతో పొడవడాన్నీ, ఎద్దును చావబాదడాన్నీ ఎంత సంప్రదాయమైనా సమర్థించలేను. కానీ పోటీ నిర్మాణంలో మన పెద్దల వివేకం కూడా ఉంది. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ ఎద్దు వయసును బట్టి విభాగాలు పెడతారు, విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. పిల్లకోడెకు ముదురు ఎద్దు బండ కట్టరు. తగిన బరువన్న భావన అక్కడే ఉంది. అంతకన్నా ముఖ్యం, బండకు చక్రాలు లేవు. ఎద్దులు ఆగితే బండ ఆగుతుంది. అది వెనక నుంచి వచ్చి వాటి మీద పడదు. అందుకే అక్కడ లాగే బలం ఒక్కదాన్నే కొలిచినా ప్రాణం మీదికి రాదు. చక్రం వచ్చిన చోట ఆ కొలత చాలదు. బండలాగుడులో నేర్చుకున్న గర్వాన్ని రోడ్డు మీదికి తెచ్చి, నా ట్రాక్టరు ఇంత లాగిందని చెప్పుకునేవాళ్లు ఈ ఒక్క తేడాను మరిచిపోతున్నారు. పౌరుషమన్న మాటకు యోగవాసిష్ఠంలో చాలా గొప్ప స్థానం ఉంది. అక్కడ దాని అర్థం తెగింపు కాదు, శాస్త్రానికి లోబడిన సరైన పురుషప్రయత్నం. విధి అన్న మాట వెనక దాక్కోవద్దని వసిష్ఠుడు రాముడికి చెప్పేది ఆ పౌరుషం గురించే.

చివరి అభ్యంతరానికి జవాబు కూడా అందులోనే ఉంది. రాసిపెట్టి ఉంటే ఎలాగైనా జరుగుతుంది అన్న మాట ప్రమాదం జరిగిన ఇంట్లో ఓదార్పుగా పనికొస్తుంది. అక్కడ దాన్ని ఖండించడానికి నాకు నోరు రాదు. కానీ అదే మాట బండి కదలకముందు అంటే అది ఓదార్పు కాదు, ముందే రాసుకున్న క్షమాపణ. ట్రాలీకి బ్రేకు లేదన్నది నుదుటి రాత కాదు, వెల్డింగు షాపులో తేల్చుకునే పని. సరుకును కాటా మీద తూకం వేయించడం, ఇరుసు మీదా కొక్కెం మీదా సమంగా పేర్చడం, ట్రాలీని డ్రాబారుకే తగిలించి పిన్నుకు తోడు గొలుసు కూడా వేయడం, ఏ గేరులో ఎక్కే ఎత్తో ఆ గేరులోనే దిగడం, మిగిలిన రాళ్లకు ఇంకో ట్రిప్పు వేయడం – ఇవన్నీ చేయగలిగినవే, చేయాల్సినవే. వీటిని సాంకేతిక జాగ్రత్తలని వేరుచేసి, ధర్మమంటే పూజగదిలో ఉండేదని అనుకున్నన్నాళ్లూ మనం ఎర్రగుడి రాతిని చదవనట్టే. దసరాకు ట్రాక్టరుకు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, దండం పెట్టే చేతులు మనవి. యంత్రంలో దైవాన్ని చూడగలిగిన ఆ చూపు చాలా విలువైనది, దాన్ని వదులుకోకూడదు. ఆ దండం పెట్టాక, పిన్ను వేసే ముందు, ఒక్క ప్రశ్న కూడా అడుగుదాం: ఇంత బరువుతో దిగుడు మధ్యలో ఒక పిల్లవాడు అడ్డం వస్తే ఇది ఆగుతుందా? ఆగదని తెలిస్తే నాలుగు రాళ్లు దించేద్దాం. ఆగుతుందన్న చోట దాకా దించుతూ పోదాం. ఆ దించడం కూడా పూజలో భాగమే.